కుక్కల డాక్టర్ అంటే పైసలున్నోళ్ల డాక్టర్ కాదు

(రేబిస్ దినం రోజు మహబూబ్‌నగర్‌ల ఒక కాలేజీ పిల్లలకు ఒక వెటర్నరీ డాక్టర్ ఇచ్చిన ప్రసంగం. మేడమ్ మాట్లాడింది మాట్లాడినట్టే రాసినం.)

అందరికీ నమస్కారం. సార్లకు, మేడమ్‌లకు, ఎనక నిలబడ్డ పిల్లలకు గూడ. కుర్సీలు తక్కువైనట్టున్నయి, ముందట కింద జాగ ఉంది, వచ్చి కూసోండి బిడ్డా, నేను జర ఎక్కువనే మాట్లాడుత.

సారు నాకు ఫోన్ చేసి, మేడమ్ సెప్టెంబర్ 28 రేబిస్ దినం గదా, మా బైపీసీ పిల్లలకు మీ పని గురించి, మీరు ఈ లైన్‌కు ఎట్ల వచ్చిన్రో చెప్పండి అన్నరు. సెప్టెంబర్ 28 ఎందుకంటే అది లూయీ పాశ్చర్ చనిపోయిన రోజు, 1895ల. ఆయన డాక్టర్ కాదు, కెమిస్ట్. 1885 జూలై 6 నాడు జోసెఫ్ మైస్టర్ అని తొమ్మిదేండ్ల పిలగాన్ని పిచ్చికుక్క కరిచిందని తల్లి తీసుకొస్తే, పాశ్చర్ తయారు చేసిన టీకాను వేరే డాక్టర్ తోని ఏయించిండు, పిలగాడు బతికిండు. ఆ జూలై 6 మీరు యాది పెట్టుకోండి, దాని కాడికి మళ్ల వస్త.

నేను ఈ ఊర్ల క్లినిక్ తెరిచింది 2009ల. ఒక మడిగ కిరాయికి తీసుకున్న, బోర్డు పెట్టిన, కుక్కలకు పిల్లులకు వైద్యం అని. మొదటి వారం ఒక పెద్దాయన బోర్డు చదివి లోపటికొచ్చి కూసున్నడు. పేషెంట్ లేదు ఆయన కాడ. నిమ్మలంగ అన్నడు, "అమ్మా, ఏమనుకోకు, పాలమూరుల మనుషులకే దిక్కు లేదు, సగం ఊర్లు బొంబాయికి పని కోసం బోతయి, ఈడ కుక్కకు డాక్టరెందుకమ్మా, ఇది హైదరాబాద్‌ల బంగ్లాలున్నోళ్ల కాడ పెట్టుకోవాల్సిన దుకాణం గదా" అని. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగనే నా మీద పావురంతోని అన్నడు, ఆడపిల్ల అప్పు చేసి పెట్టుకుంది, మునుగుతదేమో అని. నా కాడ అప్పుడు జవాబు లేకుండె. ఇయ్యాల మీకు చెప్పేదంత ఆ పెద్దాయనకు నేను ఇయ్యాల్సిన జవాబే అనుకోండి.

మాది దేవరకొండ దిక్కు ఒక చిన్న ఊరు. మా నాయిన గొర్లు కాసేటోడు. మందకు ఒక కుక్క ఉండె, నల్లోడు అని పిలిచేటోళ్లం. నాకు తొమ్మిదేండ్లప్పుడు నల్లోన్ని పాము కరిచింది, మూతి ఇంత లావు వాచింది, నాయిన దాన్ని భుజం మీద ఏసుకోని ఇంటికొచ్చిండు. ఆ రోజు ఊర్లనే పశువుల డాక్టర్ ఉండె, గొర్లకు నట్టల మందు తాపుతుండె. నేను ఉరికిపోయి అడిగిన. ఆయన పాపం వచ్చి చూసిండు, చూసి, "బిడ్డా, కుక్కకు ఏసే మందు నా కాడ లేదు" అన్నడు. నిజంగనే లేదు, ఆయన పెట్టెల ఉన్నయన్ని గొర్ల మందులు, బర్ల మందులు. తెల్లారేసరికి నల్లోడు పోయిండు. ఇప్పుడు నా క్లినిక్ ఫ్రిజ్‌ల పాము విషానికి మందు ఎప్పుడూ ఉంటది, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర, ఈ నాలుగిటికి కలిపి పని చేసేది ఒకటే మందు, మనుషులకు ఏసేదే కుక్కలకు గూడ. కాకపోతే ఎంత జల్ది వస్తే అంత లాభం.

ఇంటర్ నల్గొండల చదివిన. ఎంసెట్ రాసిన, ఎంబీబీఎస్ రాలేదు, వెటర్నరీ వచ్చింది. ఇంట్ల పెద్ద పరేషాన్. మా అవ్వ, "బర్ల డాక్టర్ అయితే పిల్లను ఎవరు చేసుకుంటరు" అని వారం దినాలు ఏడ్చింది. నాయిన మాత్రం ఒకటే అడిగిండు, "అండ్ల కుక్కల సంగతి గూడ చెప్తరా?" అని. చెప్తరంట నాయినా అన్న. పో మరి అన్నడు. 1999ల రాజేంద్రనగర్ కాలేజీల చేరిన, అప్పుడది వ్యవసాయ యూనివర్సిటీ కింద ఉండె, ఇప్పుడు పీవీ నరసింహారావు గారి పేరు మీద వేరే వెటర్నరీ యూనివర్సిటీ అయింది.

చాన మంది అనుకుంటరు, మనుషుల డాక్టర్ చదువు పెద్దది, పశువుల డాక్టర్ చదువు చిన్నది అని. వాళ్లు ఒక్క శరీరం నేర్చుకుంటరు, మేం ఆవు, బర్రె, గొర్రె, మేక, గుర్రం, పంది, కుక్క, పిల్లి, కోడి అన్నీ నేర్చుకోవాలె, అన్నీ ఒక్క తీరు ఉండవు. ఆవు కడుపుల నాలుగు అరలుంటయి. గుర్రానికి పిత్తాశయమే ఉండదు. మనకు 102 డిగ్రీలు ఉంటే జొరం అంటం, కుక్కకు 101 నుంచి 102న్నర దాకా మామూలు వేడి, అందుకే రాత్రి పదింటికి ఫోన్ చేసి మేడమ్ మా టామీ ఒళ్లు కాలుతుంది అంటే, నేను ముందు అడిగేది అన్నం తిన్నదా, తోక ఊపుతుందా అని. ఇగ పిల్లి సంగతి వేరే. మనం తలనొప్పికి మింగే పారాసిటమాల్ గోలీ ఉంది గదా, దాన్ని విరగ్గొట్టి విషం తీసేసే శక్తి పిల్లి కాలేయానికి సరిగ్గ లేదు. పిల్లికి జొరమొచ్చిందని ఒక గోలీ ఏస్తరు ప్రేమతోని, మాపటికల్ల దాని చిగుర్లు చాక్లెట్ రంగుకు తిరుగుతయి, రక్తం ఆక్సిజన్ మోసుడు బంద్ చేస్తది. అట్ల వచ్చిన వాటిల ఎన్నో నా చేతులల్లనే పోయినయి. మీ ఇండ్లల్ల పిల్లి ఉంటే ఇదొక్కటి ఇంటికి పోయి చెప్పండి. కుక్కకైనా సరే మనుషుల నొప్పి గోలీలు మీ అంతట మీరు ఏయొద్దు.

పీజీ సర్జరీల చేసిన, తర్వాత హైదరాబాద్‌ల ఒక ప్రైవేట్ క్లినిక్‌ల పని చేసిన. అక్కడ పని బాగ నేర్చుకున్న, జీతం గూడ బాగనే ఉండె. కానీ నల్లోడు యాదికొచ్చేది, అందుకే ఇటు వచ్చిన, అంతకంటె పెద్ద కారణం ఏం లేదు.

ఇగ మొదటి పెద్ద కేసు. తెరిచి రెండు నెలలు గూడ కాలేదు. మాపటికి ఏడున్నర, కరెంట్ పోయి ఉంది, ఆ రోజులల్ల గంటలు గంటలు పోతుండె. ఒక పెద్దమనిషి, గొంగడిల ఏదో చుట్టుకోని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకోని మెట్లెక్కిండు. టేబుల్ మీద పెట్టి గొంగడి విప్పిండు. కుక్క. అడివి పంది కోరతోని పొట్ట చీరింది, జానెడు చీలిక, పేగులు బయట ఉన్నయి. కానీ ఆయన ఎంత తెలివిగల్ల మనిషి అంటే, పేగుల మీద తన తలరుమాలు తడిపి కప్పిండు, ఎండనీయలేదు, లోపటికి నూకే పని చేయలేదు, మధ్యల తడి ఆరకుండ సీసతోని నీళ్లు పోసుకుంట వచ్చిండు. ఎవరు చెప్పిన్రు తాతా అంటే, గొర్రె ఈనేటప్పుడు గర్భసంచి బయటికొస్తే తడి గుడ్డనే కప్పుతం గదమ్మా అన్నడు.

నాకు అసిస్టెంట్ లేడు. చార్జింగ్ లైట్ ఒకటి ఉండె, అది ఆయన చేతికిచ్చిన, ఇంకో చేతికి సెలైన్ బాటిల్ ఇచ్చిన. పైకి పట్టుకో తాతా, దించొద్దు అన్న. గంటా నలభై నిమిషాలు. పేగులను సెలైన్ తోని కడుగుడు, ఒక్కొక్క జానెడు పట్టుకోని ఎక్కడన్న చిల్లు పడ్డదా అని చూసుడు, అదృష్టం పేగు తెగలేదు, లోపట ఎర్రమట్టి, గడ్డిపోచలు మాత్రం ఉండె, అన్ని ఏరిన, తర్వాత లోపలి పొర ఒక కుట్టు, కండ ఒక కుట్టు, తోలు ఒక కుట్టు. ఆ మనిషి చెయ్యి ఒక్కసారి గూడ దించలేదు. మత్తుల ఉన్న కుక్క చెవి కాడ వంగి మెల్లగ ఏదో అంటుండు, మందను పిలిచే కూత ఉంటది చూడు, అది చిన్నగ.

అయిపోయినంక రొండిల నుంచి మూట తీసి పైసలు లెక్కపెట్టిండు, మూడు వందల నలభై. మిగిలినయి పొట్టేలు అమ్మినంక ఇస్త డాక్టరమ్మా అన్నడు. సరే అన్న. అప్పుడు అడిగిండు ఒక మాట, బతుకుతదా అని కాదు, "ఎన్ని దినాలకు మందతోని నడుస్తది?" అని. కనీసం పన్నెండు దినాలు, కుట్లిప్పాలె అన్న. ఆయన ముఖం చూడాలె. మంద తెల్లారి కదులుతుంది, ఈడ మేత అయిపోయింది, మక్తల్ అవుతల కృష్ణ ఒడ్డు దిక్కు పోవాలె, రెండు వందల గొర్లు ఒక్క కుక్క కోసం పన్నెండు దినాలు ఆగలేవు. కుక్క లేకుండ పోతే రాత్రి పొలంల మంద పండినప్పుడు తోడేలు వస్తది, దొంగలొస్తరు. గొర్రె పోతే వేల రూపాయలు పోయినట్టే, నాలుగు గొర్లు పోతే ఆ ఏడు సంసారం పోయినట్టే. ఆ ఇంట్ల కుక్క అంటే ముద్దు చేసుకునేది కాదు, ఇంకో మగమనిషి తోని సమానం.

నా కాడ ఉంచిపో తాతా అన్న. పదహారు దినాలకు వచ్చిండు. కుట్లు అప్పటికే ఇప్పిన, మానింది. ఆయన కుక్కను ముట్టలేదు, పిలువలేదు, కర్ర భుజం మీద పెట్టుకోని మా సందు చివరిదాకా తిరిగి చూడకుండ నడిచిపోయిండు. కుక్క లేసింది, ఒళ్లు విదిలించుకుంది, ఎనక ఉరికింది. అప్పుడు తిరిగొచ్చిండు, మంచిగనే నడుస్తుందమ్మా అన్నడు, మిగిలిన పైసలు టేబుల్ మీద పెట్టిండు. బస్సుల కుక్కను ఎక్కించుకోరు, రెండు దినాలు నడిచి పోయి మందను కలిసిన్రంట ఇద్దరు.

ఆ తర్వాత మెల్లమెల్లగ తెలిసొచ్చింది నాకు. కారుల జాతి కుక్కలు వస్తయి, రావని అనను, వాటి ఫీజులతోనే నా కరెంట్ బిల్లు కడుత. కానీ నా టేబుల్ మీదికి వచ్చిన కుక్కలల్ల చాన వాటికి ఒక పని ఉంది. తోట కాడ కాపలా కుక్క, అడివి పందుల నుంచి వేరుశనగ చేను కాపాడేది, కోళ్ల ఫారం కాడిది, ఒక్కతే ఉండే ముసలవ్వ వాకిట్ల పండేది. వాళ్ల కాడ పైసలు తక్కువ ఉంటయి, కానీ పైసలు తక్కువున్నోళ్లకు కుక్క అక్కరలేదనుకునుడు తప్పు, ఆ పెద్దాయనకు ఇది చెప్పాలని చాన సార్లు అనిపించింది.

బస్టాండ్ కాడి ఆటోవాళ్ల సంగతి చెప్త. అక్కడ ఒక ఊరకుక్క ఉండె, రాణి అని పిలిచేటోళ్లు, దానికి ఎనక నుంచి రక్తం కారుతుండె, చాయ్ దుకాణమాయన రాళ్లేసి కొట్టేటోడు. నలుగురు ఆటో అన్నలు పట్టుకొచ్చిన్రు. చూస్తే గోబీ పువ్వు లాంటి గడ్డ. దీన్ని టీవీటీ అంటం, కుక్కలు జతకట్టినప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకునే కాన్సర్. మామూలుగ కాన్సర్ అంటుకోదు గదా, ఇది అంటుకుంటది. ఎందుకంటే ఆ గడ్డల ఉన్న కణాలు ఆ కుక్కవే కావు. వేల ఏండ్ల కింద ఏదో ఒక కుక్కల పుట్టిన కాన్సర్ కణాలు, ఆ కుక్క చచ్చి మట్టైపోయింది, దాని కణాలు మాత్రం ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు దాటుకుంట ఇయ్యాల పాలమూరు బస్టాండ్ దాకా వచ్చినయి. బయాలజీ పిల్లలు మీరు, దీని మీద జర సోంచాయించండి. దానికి మందు విన్‌క్రిస్టిన్, వారానికి ఒక సూది, నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ మందు ఎండ్ల నుంచి తీస్తరంటే, మన ఇండ్ల ముందట పూస్తది చూడు బిళ్లగన్నేరు, అండ్ల నుంచి. సూది ఏసే ముందు ప్రతిసారి రక్తపరీక్ష చేయాలె, తెల్ల కణాలు పడిపోతయి కాబట్టి. ఆటో అన్నలు వంతులేసుకున్నరు, ఈ వారం నేను, వచ్చే వారం నువ్వు అని, మర్చిపోకుండ తారీఖు ఆటో అద్దం మీద స్కెచ్ పెన్నుతోని రాసుకున్నరు. అయిదో వారానికి గడ్డ మాయం. ఒక్క వారం గూడ తప్పలేదు వాళ్లు. తర్వాత పిల్లలు కాకుండ ఆపరేషన్ గూడ చేసిన, పైసలు తీసుకోలేదు.

మంచియే చెప్తే మీరు నన్ను నమ్మొద్దు, అందుకే ఇది గూడ చెప్త. 2011 ఎండకాలం. పార్వో అని ఒక వైరస్ జబ్బు, 1978ల ప్రపంచంల మొదటిసారి గుర్తువట్టిన్రు, కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు, వాసన తోనే తెలిసిపోతది. ఒక పిల్లను తెచ్చిన్రు, టేబుల్ మీద పెట్టి సెలైన్ పెట్టిన, పంపిన, టేబుల్ ఫినాయిల్ తోని తుడిచిన. గంట తర్వాత ఒక ఆఫీస్‌ల అటెండర్ పని చేసే అన్న, బిడ్డను తీసుకోని వచ్చిండు, ఆ పాప చేతుల ఊరకుక్క పిల్ల, మొదటి టీకాకు. అదే టేబుల్ మీద పెట్టిన. టీకా ఏసిన. ఆరో దినం అదే కుక్కపిల్ల రక్త విరేచనాలతోని వచ్చింది. మూడు దినాలు సెలైన్ పెట్టిన, బతకలేదు.

తప్పు ఏడ జరిగిందో నాకు తెలుసు. కొన్ని వైరస్‌లకు పైన కొవ్వు పొర ఉంటది, సబ్బు తగిలితే ఆ పొర పగిలి చస్తది, కరోనాకు మనం సబ్బుతోని చేతులు కడిగింది అందుకే. పార్వోకు ఆ పొర లేదు. సబ్బు, ఫినాయిల్, డెటాల్ దానికి లెక్కే కాదు, నేల మీద, గుడ్డల మీద నెలల తరబడి బతుకుతది. ముందు శుభ్రంగ కడిగి, బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు నాననియ్యాలె, అప్పుడు పోతది. ఇది నేను చదివిన, పరీక్షల రాసిన, మార్కులు తెచ్చుకున్న, కానీ ఆ రోజు తొందరల ఫినాయిల్ బట్టతోని తుడిచిన. ఆ అన్నకు చెప్పిన, నా టేబుల్ మీదనే అంటిందన్నా, నా తప్పే అని. ఆయన చానసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీరు చెప్పకపోతే నాకు తెల్వకపోవు గదా మేడమ్" అన్నడు. పాప మాత్రం నా దిక్కు చూడలేదు. ఆ నెలనే ఎనకసందుల ఒక రేకుల షెడ్డు ఏయించిన, వాంతులు విరేచనాలు ఉన్న పిల్ల ఇప్పటికి గూడ ముందటి గుమ్మం దాటదు, వాటి కాడికి పోయేటప్పుడు నేను చెప్పులు గూడ మారుస్త. కొత్తగ కుక్కపిల్లను తెచ్చుకున్నోళ్లు ఆరు వారాల నుంచి ఎనిమిది వారాల మధ్య టీకా మొదలుపెట్టాలె, నాలుగు నెలల వయసు దాకా బూస్టర్లు పూర్తి చేయాలె, అంతదాకా బజార్ల తిప్పొద్దు. నెల గూడ నిండని పిల్లలను తల్లి నుంచి గుంజి అమ్ముతున్నరు ఈ మధ్య, నాకు చాన కోపమొస్తది, తల్లి పాలు గూడ దానికి నిండ దక్కనియ్యరు.

పార్వో సబ్బుకు చావదన్న గదా. రేబిస్ చస్తది. రేబిస్ వైరస్‌కు ఆ కొవ్వు పొర ఉంది. అందుకే కుక్క కరిచిన వెంటనే సబ్బుతోని, పారే నీళ్ల కింద, పదిహేను నిమిషాలు కడగాలె. గడియారం చూసి పదిహేను నిమిషాలు. మన దిక్కు ఏం చేస్తరు, కారం పెడతరు, సున్నం పెడతరు, పసరు పోస్తరు. అవేం వద్దు. కడిగి దవాఖానకు పోవాలె.

2013ల ఒక సంగతి, ఊరు పేరు చెప్పను. ఒకాయన ఇంటి కుక్కను ఆటోల తెచ్చిండు, కుటుంబం మొత్తం వచ్చింది, భార్య, ఇద్దరు పిల్లలు, తమ్ముడు, ముసలి తల్లి. "మేడమ్, గొంతుల బొక్క ఇరికింది, రెండు దినాల నుంచి ఏం తింటలేదు, నేను చెయ్యి పెట్టి చూసిన, దొరుకుతలేదు, మీరు తీయండి" అన్నడు. కుక్క మీదికొస్తలేదు, మొరుగుతలేదు, నిమ్మలంగ కూసుంది. కింది దవడ వేలాడుతుంది. సొల్లు తీగలు తీగలుగ కారుతుంది. నీళ్లు పెట్టిన, మూతి ముంచింది కానీ మింగలేకపోయింది. నా చెయ్యి దాని నోటి కాడికి పోయింది, గ్లౌస్ ఉంది, కానీ ఆగిన. కాలేజీల మా సారు ఎన్నిసార్లు చెప్పిన్రో ఆ మాట, గొంతుల బొక్క ఇరికిందని ఎవరన్న తెస్తే ముందు రేబిస్ అనుకో, తర్వాత బొక్క అనుకో అని. పిచ్చికుక్క అంటే ఉరికి ఉరికి కరిచేదే అనుకుంటం మనం, అది ఒక రకం. ఇంకో రకం ఇట్ల దవడ పడిపోయి గమ్మున కూసుంటది, ఇదే ఎక్కువ మోసం చేస్తది, ఎందుకంటే మనం పావురంతోని దాని నోట్ల చెయ్యి పెడతం.

నెల కింద దాన్ని ఊరకుక్క ఏదో కరిచిందంట. టీకా ఏయించలేదు. వేరేగ కట్టేసి పెట్టినం, మూడో దినం చచ్చిపోయింది, మెదడు శాంపిల్ హైదరాబాద్ ల్యాబ్‌కు పంపితే రేబిసే అని తేలింది. కానీ రిపోర్ట్ కోసం ఆగలేదు, అదే రోజు ఆ ఆరుగురిని సర్కార్ దవాఖానకు నేనే తీసుకపోయిన. ముసలవ్వ రాను అన్నది, "నన్ను కరువలేదు గదా, పిల్లలకు ఏయించు" అని. చెయ్యి చూపించు అవ్వా అన్న. కట్టెల పొయ్యి కాడ కాలిన పచ్చి పుండు. ఆ చేత్తోనే దాని మూతి తుడిచింది. పుండు మీద సొల్లు పడ్డా కరిచినట్టే లెక్క. ఆమెకు, పంటి గీరలు పడ్డ కొడుకుకు, టీకా తోని పాటు, వైరస్‌ను అక్కడికక్కడనే అడ్డుకునే ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందు గూడ పుండు కాడ ఏసిన్రు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, నాలుగు సార్లు నేను ఫోన్ చేసిన, పోయిన్రా పోయిన్రా అని. నాకు చదువుకునేటప్పుడే టీకాలు అయినయి కాబట్టి రెండు బూస్టర్లు ఏయించుకున్న. అందరు మంచిగున్నరు, అవ్వ మొన్నమొన్నటి దాకా బతికి ముసలితనం తోనే పోయింది. రేబిస్ లక్షణాలు బయటపడినంక మనిషినైనా కుక్కనైనా బతికించే మందు లేదు, ఉన్న కాలమంత కరిచిన నాటికీ లక్షణాలు వచ్చిన నాటికీ మధ్యలనే, అందుకే అంత గట్టిగ ఎంటబడ్డ.

ఆ కుక్కకు టీకా ఏయిస్తే రెండు మూడు వందలతోని అయిపోతుండె. అది గూడ లేకపోతే, జూలై 6 అన్న చూడు ఇందాక, ఆ మైస్టర్ పిలగానికి టీకా ఏసిన తారీఖు, దాన్నే జూనోసిస్ దినం, అంటే పశువుల నుంచి మనుషులకు అంటే రోగాల దినం అంటరు, ఆ రోజు పశువుల దవాఖానలల్ల ఉత్తగనే ఏస్తరు. మందు ఏడికెళ్లో రావాల్సిన పని గూడ లేదు, కుక్కలకు ఏసేది మనుషులకు ఏసేది రెండు రకాలు హైదరాబాద్‌లనే తయారైతయి, ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వాళ్లు చేస్తరు. మూడు నెలలు నిండిన కుక్కకు మొదటిది, తర్వాత బూస్టర్, తర్వాత ఏడాదికొకటి.

ఊరకుక్కల గురించి అడుగుతరని తెలుసు, నేనే చెప్త. పిల్లలను కరిచి చంపిన సంగతులు పేపర్ల చదివినప్పుడు నాకు గూడ అన్నం సైపదు. నేను తల్లినే. కుక్కలను చంపేస్తే అయిపోతది అంటరు, కొన్ని ఊర్లల్ల ఆ పని చేసిన్రు గూడ. కానీ ఒక వాడల కుక్కలను తీసేస్తే, ఆ చెత్తకుప్ప, ఆ కోడి వ్యర్థాలు అట్లనే ఉంటయి గదా, పక్క వాడ నుంచి కొత్తయి వస్తయి, వాటికి టీకా ఉండదు, ఆడ కుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తది, రెండు నెలలల్ల ఈనుతది. ఏబీసీ రూల్స్ 2023, అంటే ఊరకుక్కలకు పిల్లలు కాకుండ చేసే సర్కార్ రూల్స్, ఏం చెప్తయంటే, పట్టుకోవాలె, ఆపరేషన్ చేయాలె, రేబిస్ టీకా ఏయాలె, చెవికి గుర్తు కోయాలె, ఏడ పట్టుకున్నరో ఆడనే ఇడువాలె. నూటికి డెబ్బై కుక్కలకు టీకా ఉంటే రేబిస్ వాటి మధ్య తిరుగుడు ఆగుతది. ఇది మన మున్సిపాలిటీలల్ల జరగాల్సినంత జరుగుతలేదు, డాక్టర్లు తక్కువ, షెడ్లు తక్కువ, నాకది బాధ.

ఈ లైన్‌కు రావాలనుకునే పిల్లలకు గబగబ చెప్త. డిగ్రీ పేరు బీవీఎస్సీ అండ్ ఏహెచ్, అయిదున్నర ఏండ్లు, అండ్ల ఏడాది ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంల ఎప్‌సెట్ ర్యాంకుతోని, నూటికి పదిహేను సీట్లు నీట్ తోని. కాలేజీలు రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. చదువైనంక వెటర్నరీ కౌన్సిల్‌ల రిజిస్టర్ కావాలె, 1984 చట్టం ప్రకారం అది లేకుండ ప్రాక్టీస్ చేయొద్దు. సర్కార్‌ల వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టులుంటయి, డెయిరీలు, కోళ్ల కంపెనీలు, టీకాల కంపెనీలు, జూలు, ఆర్మీల గూడ ఉంటయి. 1962 నంబర్‌కు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్‌లల్ల గూడ డాక్టర్లు పని చేస్తరు. పైసలు మనుషుల డాక్టర్ల అంత రావు, అది ముందే చెప్తున్న.

కష్టం ఏందంటే నొప్పి తీసే చేత్తోనే కొన్నిసార్లు ప్రాణం గూడ తీయాలె. పోయిన ఏడు ఒక రిటైర్డ్ టీచర్ సారు, పద్నాలుగేండ్ల కుక్క, రెండు కిడ్నీలు పోయినయి, వారం నుంచి లేస్తలేదు. సారు భార్య పోయి మూడేండ్లు, ఆమె పెంచిన కుక్క. సారు ఒకటే కోరిండు, టేబుల్ మీద వద్దమ్మా, ఇంట్ల ఆమె పడుకునే మంచం పక్కన చాప మీద చేయి అని. పోయిన. ముందు నిద్రకు ఒక సూది, అది పూర్తిగ పడుకున్నంక రెండోది. స్టెతస్కోప్ పెట్టి గుండె ఆగేదాకా విన్న. సారు, అయిపోయిందా అని అడుగలేదు, నా ముఖం చూసి లేసి కిటికీ తెరిచిండు. ఆ రోజు మధ్యాహ్నం నాలుగు కేసులున్నయి, పోయి చూసిన. అట్లాంటి రోజులల్ల నేను ఇంటికి పోతే మా ఆయన, పిల్లలు ఎక్కువ మాట్లాడియ్యరు, వాళ్లకు అలవాటైంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక అమ్మాయి: మేడమ్, మా మామోళ్లు హస్కీ తెచ్చిన్రు, ఎండకు ఉంటదా?)

బిడ్డా, తేకపోతే బాగుండు, అది మంచుల బండి గుంజే కుక్క, మన దిక్కు మే నెలల 44 డిగ్రీలు దాటుతది. తెచ్చిన్రు కాబట్టి చెప్త. బొచ్చు పూర్తిగ గీకొద్దు, అది ఎండ నుంచి గూడ కాపాడుతది. కుక్కకు మన లెక్క ఒళ్లంత చెమట రాదు, నాలిక బయట పెట్టి రొప్పితేనే వేడి పోతది, కాబట్టి పొద్దున ఎనిమిదింటి తర్వాత సాయంత్రం దాకా బయటికి తీయొద్దు. రొప్పి రొప్పి పడిపోతే మామూలు నీళ్లు ఒళ్లంత పోసి ఫ్యాన్ కింద పెట్టి, దవాఖానకు తీసుకురండి.

(ఒక అబ్బాయి: మా ఇంటి కాడ ఊరకుక్కలున్నయి మేడమ్, మావి కావు, వాటికి టీకా ఏస్తరా?)

ఏస్త. ఎవరివైనా ఏస్త. రేపు ఆదివారం పొద్దుగాల ఆరింటి నుంచి పదింటి దాకా మా క్లినిక్ ముందట రేబిస్ టీకా ఉత్తగనే ఏస్తున్నం. నీకు అలవాటున్న కుక్క అయితేనే పట్టుకో, కొత్త కుక్కను పట్టొద్దు, అది ఉండే జాగ చెప్పు, మా క్లినిక్‌ల పని చేసే పిల్లలు వస్తరు. గొలుసు లేకపోతే మెత్తటి తాడు చాలు, మూతికి కట్టనీకి పాత చున్నీ ఒకటి తెచ్చుకో, గట్టిగ బిగియ్యకు, రొప్పనియ్యాలె. చిన్న పిల్లల చేతికి తాడు ఇయ్యొద్దు. ఎండ ఎక్కకముందే రండి, లైన్ పొడుగుంటే కుక్కలు కొట్లాడుతయి.